ఇరుగుపొరుగు ఇద్దరి సంతకం

మనిషి మారాడో లేదో తేల్చడానికి మా సంస్థ నాలుగు పేజీల ఫారం తయారుచేసింది. దాన్ని తయారుచేసిన పెద్దమనిషి నగరం నడిబొడ్డున ఏసీ గదిలో కూర్చునేవాడు. శంషాబాద్ వైపు ఆయన ఎప్పుడొచ్చినా విమానం ఎక్కడానికే వచ్చేవాడు. ఆ ఫారాన్ని అట్టకు తగిలించుకుని సాతంరాయి, పహాడీ షరీఫ్, రావిర్యాల సందుల్లో తిరిగినదాన్ని నేను. కాబట్టి జరిగిన పాపంలో ఆయన వాటా ఎంత, నా వాటా ఎంత అన్నది నేనే చెప్పాలి. ఆయనను అడిగి లాభం లేదు. పాపం జరిగిందన్న సంగతే ఆయనకు ఈ రోజుకీ తెలియదు.

ఇది 2011లో మొదలైంది. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. మా ఆయనకు ఎయిర్‌పోర్టు దగ్గర సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం దొరకడంతో కూకట్‌పల్లి ఇల్లు ఖాళీచేసి శంషాబాద్‌లో ఒక మేడ మీద వాటాలో దిగాం. నేను సోషల్ వర్క్ చదివినదాన్ని. పిల్ల బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా ఇంట్లోనే ఉండిపోయి, చదివినదంతా మరిచిపోతానేమోనని లోలోపల భయపడుతున్న రోజులవి. అప్పుడు దొరికింది ఈ పని. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

నేరం చేసి దొరికిన మైనర్ పిల్లలను జైలుకు పంపరు, సంస్కరణ బడికి పంపుతారు. అక్కడ రెండేళ్ళో మూడేళ్ళో ఉంచి, అక్షరాలు చెప్పి, ఏదో ఒక పని నేర్పి వదులుతారు. అలా వదిలిన పిల్లలు నిజంగా బాగుపడుతున్నారా, ఆ బడుల వల్ల ఏమైనా ఒరుగుతోందా అన్నది పరిశీలించి చెప్పమని మా సంస్థకు అప్పజెప్పారు. ప్రశ్న మంచిది. ఇప్పటికీ అదే అంటాను. ఒక పిల్లవాడి బతుకులో రెండేళ్ళు తీసుకున్నవాళ్ళు ఆ రెండేళ్ళతో ఏం చేశారో జవాబు చెప్పి తీరాలి. కానీ మా ఫారం ఆ ప్రశ్నను బడిని అడగలేదు. పిల్లవాణ్ణి అడిగింది. పరీక్ష బడికని చెప్పి, పాసో ఫెయిలో పిల్లవాడికి వేసింది.

పొద్దున్నే లేస్తాడా, పెద్దలకు ఎదురు చెబుతాడా, దైవభక్తి ఉందా, సినిమాలకు ఎక్కువ వెళతాడా, పాత స్నేహితులను కలుస్తాడా. ఇలాంటివి ముప్పై ప్రశ్నలు. చివర్న మూడు గళ్ళు: మారాడు, కొంత మారాడు, మారలేదు. మొదటిరోజు ఇంటికి తెచ్చి సరదాకు మా ఆయన మీద నింపి చూశాను. ఆయన ‘కొంత మారాడు’లో పడ్డాడు. జన్మలో ఏ నేరమూ చెయ్యని మనిషి, కాకపోతే పొద్దున్నే లేవడు.

గళ్ళ కింద రెండు గీతలు ఉండేవి. వాటి పక్కన ‘ఇరుగుపొరుగు ఇద్దరి సంతకం’ అని అచ్చు వేసి ఉండేది. పిల్లవాడి ప్రవర్తన ఎలా ఉందో చుట్టుపక్కల ఇద్దరు పెద్దవాళ్ళు చెప్పి సంతకం చెయ్యాలి. అవి లేకపోతే ఫారం చెల్లదు. శిక్షణ రోజున, ఆ ఫారం తయారుచేసిన మా పెద్దసారే వచ్చి ఇది ఎందుకు పెట్టాడో వివరించాడు. “కాకిపిల్ల కాకికి ముద్దు కదండీ. తల్లిని అడిగితే నా కొడుకు బంగారం అంటుంది. బయటివాళ్ళ మాట కావాలి,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చెయ్యెత్తి, పొరుగువాళ్ళకు తెలిసిపోదా సార్ అని అడిగాను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టమే ఉంది కదా మరి. “నేరమేమిటో చెప్పకండి. ప్రవర్తన మాత్రమే అడగండి,” అన్నాడాయన. ఆ మాటలో బుర్ర ఉన్నవాళ్ళెవరికైనా కనబడే కంత ఉంది. నేను మాత్రం బుద్ధిగా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

అన్నట్టు, ఫారం మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ పైన ఆ బడి పేరు, దాని కింద ‘నుంచి విడుదలైన బాలుని ప్రవర్తన పరిశీలన’ అని లావు అక్షరాల్లో ఉండేది. దానికి ఒక ఉపాయం కనిపెట్టాను. చివరి పేజీ పై భాగాన్ని వెనక్కి మడిచి అట్ట క్లిప్పు కింద దూర్చేస్తే పేరు కనబడదు, గీతలు మాత్రమే కనబడతాయి. ఈ ఉపాయాన్ని మిగతా ఉద్యోగులకు కూడా నేర్పాను. అప్పట్లో దాన్ని తెలివి అనుకున్నాను.

ఊళ్ళ మీద పడే ముందు ఒకసారి మమ్మల్ని ఆ బడి చూడ్డానికి తీసుకెళ్ళారు. మేం వస్తున్నామని గేటుకు సున్నం వేశారు, ఇంకా తడి ఆరలేదు. పిల్లలు వరసల్లో నిలబడి ప్రతిజ్ఞ చదివారు. ఒక అధికారి నీతి గురించి మైకులో అరగంట మాట్లాడాడు, ఎండలో ఉన్న పిల్లలు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ విన్నారు. గోడ నిండా సూక్తులు. ఆ గోడల వల్ల ఎవడైనా మారి ఉంటే నా పేరు మార్చుకుంటాను.

వెనక రేకుల షెడ్డులో ఒక ముసలాయన వడ్రంగం నేర్పుతున్నాడు. ఏడాదికోసారి ఉద్యోగం పొడిగిస్తే ఉండే మనిషి. ఆయన మమ్మల్ని చూసి పని ఆపలేదు, అది నాకు నచ్చింది. చిత్రిక పట్టే రందలు రెండే ఉన్నాయి, పిల్లలేమో షెడ్డు నిండా ఉన్నారు. “ఒకడు పడుతుంటే తక్కినోళ్ళు చూస్తరు మేడం. చూసుడు గూడ నేర్చుకునుడే అని చెప్తున్న. ఇగ ఏం జేయాలె,” అన్నాడు. మూల నుంచి ఒక చిన్న పీట తీసి చూపించాడు. ఎక్కడా మేకు లేదు, కర్రలో కర్ర దూర్చి బిగించిన అతుకులు. “గిది చేసిన పోరడు పోయినేడు బయటికి పోయిండు. ఏడన్న కనబడితే జర చూడుండ్రి. వాని చెయ్యి శానా నిలకడ,” అన్నాడు. మా ముప్పై ప్రశ్నల్లో ఆ ముసలాయన గురించి ఒక్కటీ లేదు.

మొదటి నెల బాగానే గడిచింది. పహాడీ షరీఫ్ దగ్గర ఒక తాత నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఫారమంతా ఓపిగ్గా విన్నాడు. “మారిండా అని అడుగుతున్నవు బిడ్డా. పోయినప్పుడు పద్నాలుగేండ్లు, వచ్చినప్పుడు పదహారేండ్లు. మీసాలొచ్చినయి, గొంతు మారింది. మారకుంట ఎట్లుంటడు?” అన్నాడు. నేను ‘మారాడు’ గడిలో టిక్కు పెట్టాను. ఇంతకంటే మంచి ఆధారం ఆ ఫారంలో ఎక్కడా దొరకలేదు.

సాతంరాయి ఇంటికి వెళ్ళింది ఆ తర్వాతే. హైవే దాటి లోపలికి రెండు మలుపులు తిరిగితే వరసగా కిరాయి గదులు. మూడో గదిలో తల్లి. వాళ్ళది అసలు ఎయిర్‌పోర్టు గోడల లోపలికి పోయిన చేను. భూమి పోయాక తండ్రి ఎవరిదో ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్‌గా చేరి వారానికోసారి ఇంటికొచ్చేవాడు. తల్లి ఎయిర్‌పోర్టు రోడ్డు మధ్యలో పూలచెట్లకు నీళ్ళు పట్టే కూలికి కుదిరింది. కొడుకు పదిహేనో ఏట, కడుతున్న ఒక భవనంలోంచి రాగితీగ చుట్టలు ఎత్తుకుపోయే పెద్దవాళ్ళ వెంట వెళ్ళాడు. పెద్దవాళ్ళు గోడ దూకారు, తీగచుట్ట భుజాన ఉన్నవాడు దొరికాడు. రెండేళ్ళు ఆ బడిలో ఉండి వచ్చాడు. పీట చేసినవాడు అతనే.

తల్లి ఎంత తెలివిగా చేసుకొచ్చిందో చెప్పాలి. కొడుకు విడుదలయ్యే నెలకు ముందే, ఎవరికీ తమ సంగతి తెలియని ఈ వాడకు మారింది. అబ్బాయి భివండిలో మేనమామ దగ్గర మగ్గాల పని చేసి వచ్చాడని అందరికీ చెప్పింది. ఈ వైపు నుంచి భివండికి, సోలాపూర్‌కు పోయినవాళ్ళు ఇంటింటికీ ఉంటారు కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. బడి ఇచ్చిన వడ్రంగం సర్టిఫికెట్‌ను ట్రంకుపెట్టె అడుగున దాచింది. దాని మీద కూడా బడి పేరు అరచేయంత ఉంది మరి. పని వచ్చని రాసిచ్చి, ఎవరికీ చూపించుకోలేకుండా రాసిచ్చారు. అది ఇచ్చినవాళ్ళకు చదువుండి ఏం లాభం.

పక్కనే కబోర్డులు, తలుపులు చేసే షెడ్డు ఉంది. దాని మేస్త్రీ కాగితాలేవీ అడగలేదు. టేకు ముక్క ఒకటి, రంద ఒకటి చేతికిచ్చి, కానియ్యి చూస్తానన్నాడు. చూసి ఆ పూటే పనిలో పెట్టుకున్నాడు. ఎనిమిది నెలల్లో, కొత్త అపార్ట్‌మెంట్లలో కబోర్డులు బిగించడానికి తాళాలిచ్చి ఒంటరిగా పంపేదాకా వచ్చింది. ఇదంతా తల్లి నాకు సంబరంగా చెప్పింది. నేను ముప్పై ప్రశ్నలూ అడిగి, గళ్ళు నింపి, ఇక పొరుగువాళ్ళ సంతకాలు కావాలన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. “సంతకం నేను పెడత గదక్కా. వేలిముద్ర ఎయ్యమంటే గూడ ఏస్త,” అంది.

“మీది కాదమ్మా, బయటివాళ్ళది కావాలి. నేనేమీ చెప్పనులెండి. ఊరికే ఒక సంతకం,” అన్నాను.

“వద్దక్కా. నీ కాళ్ళు మొక్కుత. గా మేస్త్రీ దగ్గరికి మాత్రం పోకు.”

ఆమెకు తెలిసింది నాకు తెలియలేదు. నా దగ్గర ఉపాయం ఉంది కదా, కాగితం మడత ఉంది కదా. భయపడకండి అని భుజం తట్టి మరీ వెళ్ళాను. ఆ తట్టడం గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే అసహ్యంగా అనిపిస్తుంది.

షెడ్డులో కుర్రాడు మూల నిలబడి తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. మేస్త్రీ యాభై దాటిన మనిషి, కుర్చీ వేయించాడు. వయసు పిల్లల పనితనం మీద సర్వే అని అబద్ధం చెప్పి, మీ దగ్గర పనిచేసే ఆ అబ్బాయి ఎలాంటివాడు అని అడిగాను. “బంగారం అసొంటి పోరడు మేడం. చెప్పిన పని చేస్తడు, చెప్పని పని గూడ చేస్తడు,” అన్నాడు. అయితే ఇక్కడ ఒక సంతకం చెయ్యండి అని అట్ట ముందుకు జరిపి పెన్ను ఇచ్చాను.

ఆయన పెన్ను తీసుకోలేదు. అట్ట తీసుకున్నాడు. “చదవకుంట నేను దేని మీద పెట్టను. ఏమనుకోకుండ్రి,” అన్నాడు. భూములు చేతులు మారిన రోజుల్లో బ్రోకర్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ ఆయన అన్న సంతకాలు పెట్టాడట. ఏ కాగితం మీద పెట్టాడో తెలిసేసరికి చేను చుట్టూ వేరేవాళ్ళ కంచె ఉందట. ఆ తర్వాత తాను నలభై దాటిన వయసులో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నానని చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడందరూ అంతేనట. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గాని సంతకం పెట్టరు. గుంటూరు నుంచి వచ్చిన నాకు గాని, ఏసీ గదిలో ఉన్న ఆయనకు గాని ఈ సంగతి తెలిసే దారి లేదు. అడిగి తెలుసుకుందామన్న ఆలోచన కూడా రాలేదు.

మేస్త్రీ క్లిప్పు ఎత్తాడు. నేను వద్దండీ అనేలోపు మడత విప్పేశాడు. మిషన్ రంపం చప్పుడులో తన గొంతు తనకే వినబడక దాన్ని ఆపమన్నాడు. తర్వాత, వయసొచ్చాక చదువు నేర్చుకున్నవాళ్ళు చదివినట్టే, అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివాడు. బడి పేరు చదివాడు. ‘నుంచి విడుదలైన బాలుని’ అని చదివి ఆగాడు. ఇంకా కిందికి వచ్చి పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. కుర్రాడు చెక్క మీంచి రంద తీసి పక్కన పెట్టి, గోడ వైపు తిరిగాడు.

చదవడం అయ్యాక మేస్త్రీ నా చేతిలోని పెన్ను తీసుకున్నాడు. తర్వాత ‘ప్రవర్తన బాగుంది’ అని రాసి సంతకం చేశాడు. “ఉన్నమాటే గద,” అన్నాడు. షెడ్డులో పనిచేసే ఇంకొకాయనను పిలిచి రెండో సంతకం కూడా పెట్టించాడు. నేను థాంక్స్ చెప్పి బయటపడ్డాను. నిజం చెబితే నాకు తేలిగ్గా అనిపించింది. సంగతి బయటపడ్డా ఆయన సంతకం చేశాడు కదా, పెద్దమనసున్న మనిషి అనుకున్నాను. రెండు సంతకాలూ ఒక్కచోటే దొరికాయి, పని తొందరగా తెమిలింది అని కూడా అనుకున్నాను.

రెండు వారాలకు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉంటే, డివైడర్ మధ్యలో పైపు పట్టుకుని ఆ తల్లి కనిపించింది. పైపు కింద పడేసి, కార్లను లెక్కచెయ్యకుండా రోడ్డు దాటి వచ్చింది. కొడతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఎందుకొచ్చినవక్కా నువ్వు?” అంది. “పోలీసోళ్ళు గూడ మళ్ళ రాలే. బడోళ్ళు గూడ రాలే. నువ్వొచ్చినవు. తెల్లారే మేస్త్రీ వాన్ని పనిలకెళ్ళి తీసేసిండు. కిరాయి ఇంటాయన నెలలోపల ఖాళీ చెయ్యమన్నడు. పోరడు తిండి తింటలేడు, బయటికి వెళ్తలేడు. వాడు చేసిన తప్పుకు రెండేండ్లు ఉండొచ్చిండు గద. ఇప్పుడు నువ్వు చేసిన దానికి ఎన్నేండ్లుండాలె వాడు?”

ఆమె మళ్ళీ పైపు దగ్గరికి పోయేదాకా చూసి, వచ్చిన ఆటో ఎక్కాను.

అక్కడి నుంచి నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆ కోపంలో ఆయనను చెడామడా తిట్టాలనే వెళ్ళాను. ప్రవర్తన బాగుందని మీ చేత్తో రాసి, మర్నాడే ఎలా తీసేశారండీ అని అడిగాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు.

“వాడు దొంగ అని నేననట్లే. ఎనిమిది నెలలల్ల ఒక్క మేకు పోలే. కని ఇప్పుడు నాకు ఎరుకైంది. రేపు ఎవరింట్లనన్న ఏదన్న పోతే, నీకు ఎరుకుండె గద, ఎట్ల పంపినవ్ అని నన్ను పట్టుకుంటరు. ఎరుక లేకుంటే వాడు తీసినా నాది తప్పు గాదు. ఎరుకుండంగ వాడు తియ్యకున్నా నాది తప్పే. నాకు తెల్వకుంటేనే మంచిగుండె మేడం. ఎందుకు చదివిపిచ్చినవు?”

తిట్టకుండానే లేచాను. అక్కడి నుంచి ఆ తల్లీకొడుకుల గదికి వెళ్ళాను. కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వేరే చోట పని మాట్లాడి పెడతానని, నాకు తెలిసినవాళ్ళు ఉన్నారని ఏదేదో చెప్పాను. అతను తలెత్తకుండానే, “ఇంకెవ్వరితోటి మాట్లాడకుండ్రి మేడం,” అన్నాడు. అతను నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఆఫీసులో పెద్ద గొడవ పెట్టుకున్నాను. అంత గట్టిగా నేను ఎవరిమీదా అరిచి ఎరగను. ఆ రెండు గీతలూ తీసేయండి, అవి ఉన్నంతకాలం మనం బాగుపడ్డవాడిని పట్టుకుని చెడగొడుతున్నాం అన్నాను. పెద్దసారు ఫారం తెప్పించి చూశాడు. “సంతకాలు ఉన్నాయి, ప్రవర్తన బాగుందనే రాశారు. ఇది మన మంచి కేసుల్లో ఒకటమ్మా. ఎందుకంత బాధపడుతున్నారు?” అన్నాడు. ఉద్యోగం పోయింది సార్ అన్నాను. “అది తర్వాతి విజిట్‌లో వస్తుంది,” అన్నాడు.

వచ్చింది కూడా. ఆరు నెలల తర్వాత, సాతంరాయిలోనే ఇంకో సందులో వాళ్ళు మారిన గదిలో, అదే ఫారం, అవే ప్రశ్నలు. ఉపాధి ఉందా, లేదు. ఒకేచోట నివసిస్తున్నారా, లేదు. నలుగురిలో కలుస్తాడా, లేదు. పోయినసారి ‘మారాడు’లో ఉన్నవాడు ఈసారి ‘మారలేదు’లో పడ్డాడు. ఏమీ దొంగిలించలేదు, ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ ఒక్క పొల్లుమాట అనలేదు. మేం వెళ్ళి అడగడం వల్ల చెడిపోయాడు. ఈ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు. మార్జిన్‌లో రాశాను. టైపు అయి వచ్చిన కాగితంలో ఆ చోట ‘కుటుంబం తగినంత సహకరించలేదు’ అని ఉంది.

మానెయ్యొచ్చు కదా అని మా ఆయన అన్నాడు. మానలేదు. మానేస్తే నా చోట ఇంకెవరో వచ్చి మడత బాగా పెట్టడం నేర్చుకుంటారు, అంతే కదా. పొరుగువాళ్ళ దగ్గరికి వెళ్ళడం మాత్రం మానేశాను. సంతకాలు నేనే పెట్టాను. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి. దొంగ సంతకాలు పెట్టడం నేరమే. ఆ రెండేళ్ళలో నేను చేసిన వాటిలో నాకు సిగ్గనిపించని పని అదొక్కటే.

2013 వేసవిలో మూడో విజిట్ గడువు వచ్చింది. అప్పటికి ఆ కుటుంబం సాతంరాయి వదిలేసి చాలాకాలమైంది. పాత కిరాయి ఇంటాయన, రావిర్యాల దిక్కు పోయిన్రని చెప్పాడు. వెతకడానికి ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. సగం ఉద్యోగం, సగం అతను బతికి బట్టకట్టాడో లేదో చూడాలన్న తపన. సంచిలో ఫారం ఉంది.

ఊరి దగ్గర రోడ్డు పక్కన కొత్త షెడ్డు, బయట తలుపు చట్రాలు నిలబెట్టి ఉన్నాయి. లోపల అతను. మీసం వచ్చింది, ఒళ్ళు చేశాడు. ఒక పెద్ద చట్రానికి మూల అతుకు బిగిస్తున్నాడు. నన్ను చూశాడు. చేతిలో ఉలి అలాగే ఆగిపోయింది. పరిగెత్తలేదు, అటు తిరగలేదు. నేను ఏం చెయ్యబోతున్నానో చూస్తూ నిలబడ్డాడు. అంతకుముందు ఒకసారి గోడ వైపు తిరిగినవాడు ఈసారి నా కళ్ళలోకే చూశాడు.

షెడ్డు యజమాని ఎదురొచ్చి, “ఏం కావాలె మేడం?” అన్నాడు.

వంటింటి అలమార తలుపు ఊడింది, ఎవరైనా వచ్చి చూస్తారేమోనని అన్నాను.

“మా పిల్లగాడు వస్తడు. గీ చుట్టుముట్టు వీనసొంటి చెయ్యి లేదు. విల్లాలల్ల పని ఉంటే తాళంచెవులు వీనికే ఇస్తరు. ఇల్లేడ మీది?”

సంచిలో ఉన్న ఫారానికి ఇంతకంటే గొప్ప సంతకం దొరకదు. ఆ రేకుల షెడ్డులో రెండు రందలతో ఒక ముసలాయన నేర్పింది నిలబడిందని, పడగొట్టినా మళ్ళీ లేచిందని రాయడానికి నా కళ్ళముందు మనిషి ఉన్నాడు. బడులు ఏం చెయ్యగలవో చెప్పే జవాబు అక్కడ ఉలి పట్టుకుని నిలబడి ఉంది. అది రాస్తే అడ్రసు రాయాలి. అడ్రసు రాస్తే ఆరు నెలలకు ఇంకొకరు వస్తారు, అట్ట పట్టుకుని.

“మళ్ళీ ఫోన్ చేస్తానండీ,” అని చెప్పి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఉలి చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

ఫారంలో ‘ఆచూకీ తెలియలేదు’ అని రాశాను. ఆచూకీ లేనివాళ్ళ ఫైలు మూసేస్తారు, ఇక విజిట్లు ఉండవు. పెద్దసారు ఫోన్ చేశాడు. ఆచూకీ లేనివాళ్ళను ‘మారలేదు’లో కలపాలని నియమం ఉందట. “అయితే వడ్రంగం నేర్చుకున్నవాళ్ళలో ఇంకొకటి ఫెయిల్ అన్నమాట,” అన్నాడు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ ముసలాయన గుర్తొచ్చాడు. అలాగే కలపండి సార్ అన్నాను.

నివేదిక వచ్చింది. వడ్రంగ శిక్షణ వల్ల పిల్లలకు ఉపాధి నిలబడడం లేదని అందులో రాశారు. మరుసటి ఏడాది ఆ షెడ్డు మూశారు, ముసలాయన ఉద్యోగం పొడిగించలేదు. ఆయన నేర్పింది వృథా పోలేదని చెప్పడానికి వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎక్కడున్నాడని ఆయన అడిగితే చెప్పకూడదు కాబట్టి వెళ్ళలేదు. నిజం రాస్తే పిల్లవాడు పోతాడు, రాయకపోతే గురువు పోతాడు. ఇలాంటి చోట మనిషిని నిలబెట్టినవాళ్ళను నేను ఎప్పటికీ క్షమించను, ఆ వరసలో నన్ను కూడా. ఆ నివేదికలో అతను ఈ రోజుకీ మారనివాళ్ళ జాబితాలోనే ఉన్నాడు. ఉండనీ. అక్కడుంటే అతన్ని వెతుక్కుంటూ ఎవరూ వెళ్ళరు.